మూడో ఖాళీ సీసా

అబద్ధం చెప్పేవాళ్లను చూస్తే ఒకప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆవలింత వస్తోంది. లాకప్ కమ్మీల అవతల కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి ఒకే అబద్ధాన్ని పాఠంలా అప్పజెబుతున్నాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటున్నాను.

అతన్ని అందరూ నీళ్లాయన అంటారు. గంటల తరబడి పనిచేసి వేడెక్కిపోయే పెద్ద కంప్యూటర్లకు గొట్టాలు బిగించి, వాటిలో నీళ్లు తిప్పి చల్లబరచడం అతని వృత్తి. అతను బిగించిన అలాంటి ఒక మెషిన్ పక్కనే, సోమవారం పొద్దున, బొమ్మల సినిమాలు తీసే పెద్దాయన తల పగిలి పడి ఉన్నాడు. చుట్టూ నీలం నీళ్ల మడుగు. ఇవాళ బుధవారం, ఆయనకు ఇంకా స్పృహ రాలేదు.

ఇన్‌స్పెక్టర్ లెక్క చాలా సులువు. నీళ్లాయన గొట్టం సరిగ్గా బిగించలేదు, బిగింపు ఊడింది, నీళ్లు కారాయి, ముసలాయన కాలు జారాడు. ఆ ప్రాణం పోతే నీళ్లాయనకు ఏళ్ల తరబడి జైలు. రేపు కోర్టులో నిలబెడతారు. అతని భార్య నిన్న నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చింది. నేను కేసు ఒప్పుకున్నాను. ఏడుపు చూసి ఒప్పుకోకూడదని ఏటా అనుకుంటూనే ఉంటాను.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు" అన్నాను. "ఆ మెషిన్‌లో ఏం పోశావ్?"

"చెప్పా కదండీ. వాళ్ల షెల్ఫులో ఉన్న రెడీమేడ్ నీలం మందు సీసాలే. రెండు పోశాను."

"నీ సొంతంగా ఏమీ కలపలేదు?"

"లేదండీ."

"పోలీసులకూ ఇదే చెప్పావా?"

"ఇదే చెప్పి సంతకం కూడా పెట్టానండీ."

అతని చూపు నేల మీద ఉంది. నిజం చెప్పేవాడు కనీసం విసుక్కుంటాడు. ఇతను అదీ చేయడం లేదు. నేను లేచి బ్యాగు భుజాన వేసుకున్నాను.

"సరే బాబూ. మా తమ్ముడు కొత్త కంప్యూటర్ చేయించుకుంటున్నాడు. ఆ సీసాలే కొనమంటాను. అంత పేరున్న నీళ్లాయనే వాడాడంటే మంచి సరుకే అయ్యుంటుంది."

అతను చప్పున తలెత్తాడు. "కొననివ్వకండి!"

"ఏం? నువ్వు పోశావుగా?"

"నా చేత్తో నేనా? ఆ జిగటా?" అని కమ్మీలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అంతవరకు పోలీసులకు, నాకు, కట్టుకున్న భార్యకు దాచిన మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పనిమంతుణ్ణి తిడితే పడతాడు, అతని పనిని తిడితే పడడు.

"అదంతా రంగు బురదండీ" అన్నాడు. "మెషిన్ లోపల వెంట్రుకంత సన్నటి కాలవలుంటాయి. ఆ రంగు వాటిలో పేరుకుంటుంది. పైగా సగానికి సగం గ్లైకాల్, నూనెలా జిగటగా ఉంటుంది. చలికి గడ్డకట్టకుండా కార్లలో పోసేది అదేనండీ. గదిలో కూర్చునే మెషిన్‌కు అదెందుకు? పోయిన వారం విప్పి చూస్తే లోపల సగం పూడుకుపోయి ఉంది. మొత్తం కడిగి, నా నీళ్లు పోశాను."

"నీ నీళ్లంటే?"

"బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరండీ. పాచి పట్టకుండా నాలుగు చుక్కల మందు, రాగికి తుప్పు పట్టకుండా ఒక మూతెడు ఇంకో మందు. అంతే. నా మటుకు రంగే వద్దన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. అచ్చం పాత నీలమే కావాలన్నారు. రంగు కుదిరేదాకా చుక్కచుక్కగా కలిపించారు."

"ఎందుకట?"

మళ్లీ నేల చూపులు. "వాళ్ల మేనల్లుడికి తెలియకుండానండీ. ఆ సీసాలు ఎక్కడెక్కడో వెతికి తెప్పించింది అతనే. బాగాలేదని తీసేశామంటే నొచ్చుకుంటాడట. తల్లి లేని పిల్లాడు, నా చేతుల్లో పెరిగాడు, వాడి మనసు కష్టపెట్టలేను, ఎక్కడా అనకు అన్నారు పెద్దాయన. మాటిచ్చాను."

"ఆ పిల్లాడి వయసెంత?"

"ముప్పై నాలుగో ఐదో ఉంటాయండీ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పై నాలుగేళ్ల పిల్లాడి మనసు నొచ్చుకోకుండా ఈ మహానుభావుడు తన మెడకు తనే ఉరి బిగించుకుని, పోలీసుల కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

"పెద్దాయన లేస్తే ఆయనే చెబుతారు కదండీ" అన్నాడు ధీమాగా. "దేవుడిలాంటి మనిషి. నాకేం కానివ్వరు."

బయటికొచ్చి బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. నిన్నటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. కానీ ఆ మడుగు నీళ్లాయన పోసిన నీళ్లదే అయితే, ఈపాటికి నేల ఆరిపోయి ఉండాలి. అది చూడకుండా ఇంటికెళ్లి పడుకోవడం కుదరదు.

స్టూడియో రెండో అంతస్తులో ఉంది. మూడే గదులు. తలుపు తీసింది పెద్దాయన కోడలు. ఆవిడ భర్త, అంటే పెద్దాయన ఒక్కగానొక్క కొడుకు, నాలుగేళ్ల కిందట జబ్బు చేసి పోయాడు. ఆవిడ పుట్టింటికి పోకుండా మామగారి దగ్గరే ఉండిపోయి, బొమ్మలకు రంగులు వేస్తూ స్టూడియో నడుపుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అయినా నా కోసం కుర్చీ తుడిచింది.

"మీరు నీళ్లాయన తరఫున వచ్చారా? పాపం, ఆయన మీద నాకేం కోపం లేదు మేడమ్. మామయ్య లేచి కూర్చుంటే చాలు."

"సోమవారం ఏం జరిగిందో ఒక్కసారి చెప్తారా?"

"పదింటికి ప్రింటింగు వాళ్ల దగ్గరికెళ్లాను. అప్పుడు మామయ్య బాగానే ఉన్నారు, మెషిన్ ముందు కూర్చుని పనిచేసుకుంటున్నారు. ముప్పావుగంటలో తిరిగొచ్చాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపలికొస్తే..." అని కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆ సమయంలో మీ మామగారి మేనల్లుడు?"

"తమ్ముడా? ఊళ్లో లేడు. సినిమాలో బొమ్మలకు గొంతుల రికార్డింగుకని వెళ్లి పది రోజులైంది. పదకొండింటికి నేను ఫోన్ చేస్తే బస్సులో ఉన్నానన్నాడు. అరగంటలో ఆసుపత్రికి వచ్చేశాడు. అప్పట్నుంచి మంచం పక్క కదల్లేదు మేడమ్. రెండు రాత్రులు కన్ను మూయలేదు. సొంత కొడుకు కూడా అంత చేయడు."

భర్త మేనత్త కొడుకును ఆవిడ సొంత తోబుట్టువులాగే చూసుకుంటోందని ఆ గొంతులోనే తెలుస్తోంది. నేను తలూపి మెషిన్ గదిలోకి నడిచాను.

అద్దాల పెట్టెలో మెషిన్ నిశ్శబ్దంగా ఉంది. దాని పక్కన నీళ్ల ట్యాంకు, లోపల నెమలికంఠం రంగు నీళ్లు. పై గొట్టం ఒకటి బిగింపు ఊడి పక్కకు వాలి ఉంది. నేల మీద పోలీసులు గీసిన సుద్ద గీత, దాని మధ్య మరక. వంగి వేలితో రాశాను. వేలు అంటుకుంది. రెండు రోజుల తర్వాత కూడా ఆరలేదు. రెండు వేళ్లు కలిపి తీస్తే బంకలా సాగింది.

అలాగే ట్యాంకు వైపు తిరిగాను. దాని గోడకు, నీళ్లు ఇంతవరకు ఉండాలని గీత ఉంది. నీళ్లు ఆ గీతకు కొంచెం కిందకు, ఊడిన గొట్టం మూతి ఎత్తుకు వచ్చి ఆగాయి. తగ్గింది మహా అయితే ఒక గ్లాసుడు. కానీ నేల మీద మరక నేను కాళ్లు చాపుకుని పడుకున్నా పట్టేంత ఉంది. గ్లాసుడు నీళ్లు కారితే ఇంత మడుగు ఎలా అయిందో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, ఇల్లు కడిగే వాళ్లెవరైనా చెబుతారు.

"నేలతో మాట్లాడుతున్నారా మేడమ్?"

వెనక్కి తిరగకుండానే ఎవరో తెలిసింది. ఇన్‌స్పెక్టర్. కేసును తెరిచిన రోజే మూసేయగలగడం ఇతని గొప్ప. అలా మూసిన రెండింటిని నేను విప్పాను. అది అతను మరిచిపోలేదు, నేను గుర్తు చేయడం మానలేదు.

"నేలే నయం సార్. అడిగితే జవాబు చెప్తోంది."

"ఆ సీసాలే పోశానని మావాడు ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాడు. వాడికి లేని బాధ మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకా?"

"మీవాడు అబద్ధానికి సంతకం పెట్టాడు. ఒక స్టీలు పళ్లెం ఇస్తారా అమ్మా?" అని కోడల్ని అడిగాను.

ఆవిడ తెచ్చింది. ట్యాంకులోంచి ఒక చుక్క తీసి పళ్లెంలో ఒక పక్క పలచగా రాశాను. నేల మీది మరకలోంచి ఒక చుక్క తీసి రెండో పక్క రాశాను. పళ్లెం ఫ్యాను కింద బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాను.

"ఇదేంటి, వంట ప్రోగ్రామా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాసేపు ఓపిక పట్టండి. ఈలోగా చెప్పండి, మేనల్లుడు బస్సులో ఉన్నాడని ఎలా తెలిసింది మీకు?"

"అతనే చెప్పాడు."

"టికెట్ చూశారా?"

"మేనమామ చావుబతుకుల్లో ఉంటే టికెట్ చూపించమంటారా? మీకు మనసు లేదు మేడమ్."

"ఉండేది సార్. ఉద్యోగంలో అరిగిపోయింది. అతను మెషిన్‌లో ఏ నీళ్లున్నాయని చెప్పాడు?"

"తను తెప్పించిన సీసాలవే అన్నాడు. మొన్న నీళ్లు మార్చారట కదా, షెల్ఫులో ఖాళీ సీసాలున్నాయి చూసుకోండి అని అతనే చూపించాడు. నీళ్లాయనా అదే చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే అయినప్పుడు మీకు మధ్యలో ఏం కనిపిస్తోంది?"

"నిప్పు లేని పొగ కనిపిస్తోంది. పళ్లెం చూడండి."

అతను చిరాగ్గానే వంగాడు. ట్యాంకు చుక్క పూర్తిగా ఆరిపోయింది. ఊదితే ఎగిరిపోయే లేత నీలం పొడి మాత్రం మిగిలింది. నేల చుక్క రాసింది రాసినట్టే మెరుస్తోంది. ఇన్‌స్పెక్టర్ వేలు పెట్టాడు. వేలు అంటుకుంది. రుమాలుతో తుడుచుకున్నాడు, రుమాలు అంటుకుంది.

"ట్యాంకులో ఉన్నది నీళ్లు, నేల మీద ఉన్నది సీసా జిగట" అన్నాను. "రంగు ఒకటే, సరుకు వేరు. ఈ మడుగు మెషిన్‌లోంచి కారింది కాదు సార్. పెద్దాయన పడ్డాక ఎవరో గొట్టం ఊడదీసి చూశారు. గ్లాసుడే కారింది. చాల్లేదు. షెల్ఫులోంచి సీసా తీసి పోశారు. మెషిన్‌లో ఉన్నదీ అదేననుకుని పోశారు."

ఇన్‌స్పెక్టర్ రుమాలు జేబులో కుక్కుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాడు, బద్ధకస్తుడు. "ట్యాంకులో ఉన్నది సీసా సరుకు కాదని ఈ ఇంట్లో ఎవరికి తెలుసు?" అన్నాడు చివరికి.

అతను నన్నడిగాడు. జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది.

"నాకు తెలుసండీ" అంది కోడలు. "మామయ్యా నేనూ కలిసే దాచాం. తమ్ముడు వచ్చి సీసాలు నిండుగా ఉంటే అడుగుతాడని, మామయ్య రెండు సీసాలు సింకులో పారబోయమన్నారు. పారబోసి, ఖాళీవి షెల్ఫులో అందరికీ కనిపించేట్టు పెట్టాను. నీళ్లు మార్చాం, నీ సీసాలే పోశామని ఫోన్లో వాడికి చెప్పాను కూడా." చిన్నగా నవ్వింది కూడా. "అంత గారాబం మేడమ్ వాడంటే. చిన్నప్పుడు వాడు గీసిన పిచ్చి బొమ్మలు కూడా సినిమాలో పెట్టేవారట, ఏడుస్తాడని. ఈ సినిమాలో మాత్రం వాడి భాగం బాగా రాలేదు, తీసేయక తప్పదని నెల్లాళ్లు మథనపడ్డారు. వాడు రాగానే చెబుతానన్నారు."

"చెప్పారా?"

"ఎక్కడ చెప్పారు? వాడొచ్చేలోపే ఇలా..."

నేను లేచి షెల్ఫు దగ్గరికెళ్లాను. కింది అరలో నిండు సీసాల పెట్టె. పై అరలో ఖాళీ సీసాలు, మూతలు బిగించి, వరసగా, పేరు ముందుకు తిప్పి.

"మీరు పెట్టినవి ఎన్నమ్మా?"

"రెండు."

"ఒకసారి వచ్చి చూస్తారా?"

వచ్చింది. చూసింది. వేలితో ఒక్కొక్కటే తాకింది. మూడో సీసా మీద వేలు ఆగిపోయింది. నేను చూస్తుండగానే ఆవిడ ముఖంలో నెత్తురు దిగిపోయింది. అంతసేపూ తను చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా ఆవిడకే వినిపించి ఉంటాయి. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు. సీసాలు ఉత్తుత్తివని ఇద్దరికి తెలుసు. తెలియనివాడు ఒక్కడే. వాడు నొచ్చుకోకూడదని అందరూ కలిసి దాచిన మాటే ఇప్పుడు వాణ్ణి వేలుపెట్టి చూపిస్తోంది.

"తమ్ముడు ఊళ్లో లేడు మేడమ్" అంది. "బస్సులో ఉన్నాడు."

"అతని రికార్డింగు ఎప్పుడు ముగిసింది?"

ఆవిడ మూడో సీసా మీంచి వేలు తీసేసింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అతన్ని అలా చూడటం నాకు సంతోషంగా ఉండాలి. లేదు. తోసేయాలని తోసి ఉండడు. సినిమాలోంచి నీ భాగం తీసేశానని మేనమామ చెప్పి ఉంటాడు, ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి కాదనిపించుకున్న పిల్లాడికి చెయ్యి విసురుగా లేచి ఉంటుంది, బల్ల అంచు మిగతా పని చేసి ఉంటుంది. తర్వాతి పనికి మాత్రం ఆవేశం సాకు చెల్లదు. మేనమామ నెత్తురు కారుతుండగా షెల్ఫు దగ్గరికి నడిచి, సీసా వంచి, మూత మళ్లీ బిగించి, వరసలో పెట్టి వెళ్లాడు. దానికి ఇంకొకడు లాకప్‌లో కూర్చున్నాడు.

"ఈవిడ చెప్పింది రాయించుకోండి సార్" అన్నాను. "ఆ సీసా మీద వేలిముద్రలు తీయించండి. సాయంత్రానికల్లా నీళ్లాయన ఇంటికెళ్లాలి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. అదే జేబులో ఫోన్ మోగింది.

అతను విన్నాడు. ఊఁ అన్నాడు. మళ్లీ విన్నాడు. "ఆయన నోటితోనే చెప్పారా? డాక్టర్ ఉన్నాడా పక్కన?" అన్నాడు. ఫోన్ పెట్టేసి, పెన్ను మూత పెట్టాడు. ఆ మూత పెట్టిన చప్పుడుకే నాకు సగం అర్థమైంది.

"పెద్దాయనకు స్పృహ వచ్చింది" అన్నాడు. "ప్రమాదం దాటిందట. వాంగ్మూలం ఇచ్చారు."

కోడలు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఈసారి సంతోషంతో. నేను అడిగాను. "ఏమన్నారు?"

"నా కాలే జారింది, గదిలో నేను తప్ప ఎవరూ లేరు అన్నారట. మెషిన్ నీళ్లు కారి ఉన్నాయి, చూసుకోలేదు అన్నారట." నా వైపు చూడకుండా మిగతాది చెప్పాడు. "నీళ్లాయన అందులో ఏం పోశాడో నాకు తెలియదు అన్నారట. మేనల్లుడి చెయ్యి పట్టుకుని చెప్పారని మా కానిస్టేబుల్ అంటున్నాడు."

దేవుడిలాంటి మనిషి. నాకేం కానివ్వరు. ఆ ముసలాయన మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ల అలవాటు తల పగిలినా పోలేదు. కళ్లు తెరిచీ తెరవగానే పిల్లాడు ఏడవకుండా చూసుకున్నాడు. కాకపోతే ఈసారి సింకులో పారబోసింది సీసా కాదు, పెళ్లాం ఉన్న ఒక మనిషిని.

"పడ్డవాడే జారానంటే నేను తోశారని ఎలా రాయను మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెటకారం లేదు. "మీ పళ్లెం కోర్టులో నిలబడదు. సీసా సరుకు తీసేసి వేరే నీళ్లు పోశారని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. నీళ్లాయన సంతకం అడ్డం ఉంది. మిగిలింది ఈవిడ మాట."

ఇద్దరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ ఏడుపు ఆపి, ముఖం తుడుచుకుంది. చాలాసేపు షెల్ఫు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి, మూడు ఖాళీ సీసాలనూ రెండు చేతులతో పొదివి పట్టుకుంది. వద్దు అని నేను అనేలోపే కొంగుతో ఒక్కోటీ తుడవడం మొదలుపెట్టింది.

"మామయ్య తెలియదన్నారంటే నాకూ తెలియదండీ" అంది. "కంగారులో ఏదేదో వాగాను. సీసాలు ఎన్నున్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు."

"అమ్మా, లాకప్‌లో ఉన్నవాడికి నువ్వు తప్ప దిక్కు లేదు" అన్నాను.

"మా ఇంట్లో మిగిలింది ముగ్గురం మేడమ్." నా కళ్లలోకి చూడలేకపోయింది. చూడగలిగి ఉంటే నాకు ఆవిడంటే ఇంకొంచెం తక్కువ జాలి కలిగేది. "ఒకణ్ణి నాలుగేళ్ల కింద పంపించాను. ఇంకొకణ్ణి పంపించలేను."

సీసాలు చంకలో పెట్టుకుని లోపలికెళ్లింది. బకెట్టు నిండిన చప్పుడైంది. నీళ్ల బకెట్టూ గుడ్డా పట్టుకుని గుమ్మంలో నిలబడి, నన్ను దాటి ఇన్‌స్పెక్టర్‌ను అడిగింది.

"మామయ్య ఇంటికొస్తారు. ఇక నేల తుడుచుకోవచ్చా సార్?"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు, కేసు అయిపోయింది, తుడుచుకోండి అని. ఇక మిగిలిన సాక్ష్యం ఆ మరక ఒక్కటే. నేను బ్యాగు బల్ల మీద పడేసి, సుద్ద గీత దాటి, ఆ జిగట మధ్య నేల మీద చతికిలబడ్డాను.

"తుడవాలంటే ముందు నన్ను లేపండి" అన్నాను.